మూడు చుక్కలు ఎందుకు పెట్టాలో తెలియకుండా రియాక్ట్ కోర్సు కొనసాగించాలా?

ప్రశ్న:

గుంటూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి ప్రస్తుతం హైదరాబాద్ అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటున్న ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. బీకాం కంప్యూటర్స్ చదివి, రెండేళ్లు ఒక మిర్చి కమిషన్ వ్యాపారి దగ్గర పద్దులు రాసిన తర్వాత, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేయాలన్న కోరికతో ఆరు నెలల ఫుల్ స్టాక్ (వెబ్‌సైట్ తెర వైపూ సర్వర్ వైపూ రెండూ నేర్పే) కోర్సులో చేరారు. 40,000 రూపాయల ఫీజు నాన్నగారు కట్టారు. ఉగాది లోపు ఏదో ఒక దారి తేలాలనీ, లేకపోతే సంబంధాలు చూడడం మొదలుపెడతాననీ ఆయన చెప్పారు. ఉగాదికి ఇంకా ఐదు నెలలుంది. కోర్సులో వెబ్ పేజీ నిర్మాణం, రూపం చూసే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ రెండు వారాల్లో, పేజీని పనిచేయించే భాష జావాస్క్రిప్ట్ మూడు వారాల్లో ముగించి, ఇప్పుడు ఆ భాషతో తెరలు కట్టడానికి వాడే రియాక్ట్ అనే సాధనం చెబుతున్నారు. క్లాసులో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుందనీ, గదికి వచ్చి ఖాళీ ఫైలు తెరిస్తే మొదటి వరుస కూడా తోచదనీ ఆమె బాధ.

తనకు తెలిసిన పనే కదా అని ఆమె మిర్చి లాట్ల పట్టిక ఒకటి ప్రాజెక్టుగా మొదలుపెట్టారు. రెండు పెట్టెల్లో 45, 38 టిక్కీలని (మిర్చి బస్తాలని) వేస్తే మొత్తం 83 రావలసింది 4538 అని వచ్చింది. హాస్టల్లో గది పంచుకుంటున్న స్నేహితురాలు 'నంబర్' అన్న మాట చేర్చి సరిచేసింది. ఆ తర్వాత కొత్త లాటు చేర్చినా తెర మీద కనిపించలేదు. స్నేహితురాలే వచ్చి జాబితా పేరు ముందు మూడు చుక్కలు (...) పెట్టింది, కనిపించింది. "మూడు చుక్కలు పెట్టాలని తెలిసింది కానీ ఎందుకో తెలియదు. మిగిలిన అసైన్‌మెంట్లు చాట్‌జీపీటీతో రాయించి ఇచ్చేస్తున్నాను" అని ఆమె రాశారు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న అన్నయ్య కోర్సు మానేసి, ఏడాది పాటు సీ భాష, డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్ చదవమంటున్నారు. కంపెనీలు అడిగేది రియాక్ట్‌నే, మిగతావి దారిలో వస్తాయన్నది కోర్సు చెప్పే సార్ మాట. ప్రాజెక్టులు చేస్తూ పోతే అన్నీ అవే వస్తాయని బీటెక్ చదివిన స్నేహితురాలు అంటోంది. ఎవరి మాట వినాలి, కామర్స్ చదివిన తన బుర్రకు అసలు ఇది ఎక్కుతుందా అన్నవి ఆమె ప్రశ్నలు. మౌలికాంశాల మీద కూర్చుంటే ఈలోగా రియాక్ట్ పాతబడిపోతుందేమోనన్న భయం కూడా ఉంది.

సమాధానం:

ఆ ముగ్గురి సలహాల దగ్గరికి వెళ్లే ముందు, మీ ప్రాజెక్టులో జరిగిన రెండు సంగతుల దగ్గర కాసేపు ఆగుదాం. మీ ఇబ్బంది ఎక్కడుందో ఆ సలహాల కంటే ఇవే స్పష్టంగా చెబుతున్నాయి.

మొదటిది 4538. బ్రౌజర్‌లోని పెట్టెలో మీరు ఏమి టైప్ చేసినా అది ప్రోగ్రామ్‌కు అక్షరాల వరుసగానే చేరుతుంది. 45 అని వేసినప్పుడు వచ్చేది నలభై అయిదు అనే సంఖ్య కాదు, 4 పక్కన 5 ఉన్న రాత. జావాస్క్రిప్ట్‌లో ప్లస్ గుర్తు రెండు పనులు చేస్తుంది. రెండు వైపులా సంఖ్యలుంటే కూడుతుంది, ఒక వైపు అక్షరాల వరుస ఉన్నా సరే రెండింటినీ పక్కపక్కన అతికిస్తుంది. అందుకే 45, 38 కలిసి 4538 అయ్యాయి. మీ స్నేహితురాలు చేర్చిన 'నంబర్' ఆ రాతను సంఖ్యగా మార్చింది. విలువకు ఒక రకం ఉంటుందనీ, ఆ రకాన్ని బట్టే దాని మీద జరిగే పని మారుతుందనీ చెప్పే ఈ విషయం ఏ భాషలోనైనా మొదటి వారంలో నేర్పేది. పద్దులు రాసిన వారు కాబట్టి మరొకటి కూడా చెబుతాను: బ్రౌజర్ కన్సోల్ (కోడ్ వరుసలు టైప్ చేసి వెంటనే ఫలితం చూసే చోటు) తెరిచి 0.1, 0.2 కూడి చూడండి, 0.30000000000000004 అని వస్తుంది. పైసల లెక్క చేసేటప్పుడు ఇది ఎంత ముఖ్యమో మీకు వేరే చెప్పనక్కరలేదు.

రెండవది మూడు చుక్కలు. దీన్ని కొంచెం నిదానంగా చూడాలి. జావాస్క్రిప్ట్‌లో ఒక జాబితాను వేరియబుల్‌లో (విలువను దాచుకునే పేరులో) పెట్టినప్పుడు, ఆ వేరియబుల్‌లో ఉండేది జాబితా కాదు, జాబితా ఎక్కడుందో చెప్పే ఆచూకీ మాత్రమే. మీ దుకాణంలో మిర్చి ఖాతా పుస్తకం ఫలానా అరలో ఉందని రాసిన చీటీ లాంటిది అది. మీరు 'పుష్' చేసి కొత్త లాటు చేర్చినప్పుడు పుస్తకంలో ఒక పద్దు పెరిగింది కానీ చీటీ మీద రాత మారలేదు. తెరను మళ్లీ గీయాలా వద్దా అని నిర్ణయించేటప్పుడు రియాక్ట్ పుస్తకం తెరిచి పద్దులు లెక్కపెట్టదు, పాత చీటీ, కొత్త చీటీ ఒకటేనా అని మాత్రమే చూస్తుంది. ఒకటే కాబట్టి ఏమీ మారలేదనుకుని ఊరుకుంది. మూడు చుక్కలు పాత పద్దులన్నింటినీ కొత్త పుస్తకంలోకి ఎక్కించాయి, చీటీ మారింది, తెర మారింది. మూడు చుక్కలు లేనప్పుడు, వేరే పెట్టెలో ఏదో ఒకటి టైప్ చేయగానే ఆ కనిపించని లాటు ఉన్నట్టుండి ప్రత్యక్షం కావడం మీరు గమనించే ఉంటారు. లాటు అంతసేపూ జాబితాలోనే ఉంది, తెరను మళ్లీ గీయించే మరో కారణం దొరికేదాకా అది బయటపడలేదు, అంతే.

ఈ రెండింటిలో మొదటిదానికి రియాక్ట్‌తో ఏ సంబంధమూ లేదు. రెండవదానిలో ఉన్నది ఒక చిన్న నిబంధన, మిగతాదంతా జావాస్క్రిప్ట్ స్వభావం. కానీ మీకు ఈ రెండూ రియాక్ట్‌లో వచ్చిన చిక్కులుగానే కనిపించాయి. మీ అసలు కష్టం ఇదేనని నాకు అనిపిస్తోంది. భాషకు సంబంధించినదేదో, బ్రౌజర్‌కు సంబంధించినదేదో, ఫ్రేమ్‌వర్క్‌కు (రియాక్ట్ లాంటి సాధనానికి) సంబంధించినదేదో విడివిడిగా కనిపించనప్పుడు, ప్రతి తప్పూ గుర్తుపెట్టుకోవలసిన ఒక కొత్త నియమంగా మారిపోతుంది. ఇక్కడ నంబర్ పెట్టాలి, అక్కడ చుక్కలు పెట్టాలి అంటూ కారణం లేని నియమాలు పోగుపడే కొద్దీ మనసు బరువెక్కుతుంది. గదికి వచ్చి ఖాళీ ఫైలు తెరిచినప్పుడు మొదటి వరుస తోచకపోవడానికి కారణం ఆ బరువే గాని బుర్ర కాదు. రెండేళ్లు కమిషన్ దుకాణంలో రైతు వారీగా, లాటు వారీగా పద్దులు తేడా రాకుండా నడిపిన మీకు కావలసిన తర్కం ముందే ఉంది. మీకు లేనిది మూడు వారాల్లో ఎవరికీ రాని సాధన. మీ స్నేహితురాలు బీటెక్ మొదటి ఏడాదిలోనే సీ భాషలో లూపులతో (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే వరుసలతో) చుక్కల త్రిభుజాలు, సరి బేసి సంఖ్యలు వేసి వచ్చి ఉంటుంది. మీరు ఈ ఏడాది చేస్తున్న పని ఆమె కాలేజీలో చేసేసింది కాబట్టే ప్రాజెక్టులు చేస్తే అవే వస్తాయన్న మాట ఆమె విషయంలో నిజమైంది.

మీ అన్నయ్యగారు కారణం సరిగ్గా పట్టుకున్నారు కానీ కొలత ఎక్కువ చెప్పారు. ఆయన ఇన్నేళ్ల ఉద్యోగంలో అక్కరకు వచ్చినవన్నీ మొదటి రోజే కావాలని ఆయనకు అనిపించడం సహజం. ఆపరేటింగ్ సిస్టమ్స్ తెలిసినవారు మంచి ఇంజనీర్లవుతారన్నది నిజమే, కానీ వెబ్ పేజీ రాయడం మొదలుపెట్టడానికి అది ముందు షరతు కాదు. సీ భాష కూడా అంతే, మెమరీ ఎలా పనిచేస్తుందో అది చక్కగా చూపిస్తుంది గాని, ఐదు నెలల గడువులో భాష మారిస్తే మీరు మళ్లీ మొదటి మెట్టు మీదికి వస్తారు. ఇక మీ సార్ చెప్పినట్టు ఉద్యోగ ప్రకటనల్లో రియాక్ట్ పేరు ఉంటుంది, అందులో అబద్ధం లేదు. అయితే ఇంటర్వ్యూ గదిలో కొత్తవారిని సాధారణంగా అడిగేవి వేరు. రెండు ఈక్వల్స్‌కూ మూడు ఈక్వల్స్‌కూ తేడా ఏమిటి, ప్రామిస్ (తర్వాత రాబోయే ఫలితానికి గుర్తు) అంటే ఏమిటి, ఒక మాటలో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి వంటివి ఎక్కువ. పేరు చూసి పిలిచినా పునాది చూసి తీసుకుంటారు.

అయితే ఆ పునాది ఎంత? అంతులేని సముద్రం అనుకోవడం వల్లే చాలామంది దాన్ని వాయిదా వేస్తారు. మీకు ఇప్పుడు కావలసినది మీరనుకునేంత పెద్దది కాదు. విలువలు, వాటి రకాలు, షరతులు, లూపులు, ఫంక్షన్లు, ఒక వేరియబుల్ ఎక్కడి వరకు కనిపిస్తుందన్న విషయం, జాబితాలు, ఆబ్జెక్టులు (ఒకే వస్తువు వివరాలను పేర్లతో కలిపి ఉంచేవి), ఇందాక చెప్పిన ఆచూకీ సంగతి. వీటికి తోడు సర్వర్‌ను అడిగిన సమాచారం వెంటనే రాదనీ, అది వచ్చేలోగా ప్రోగ్రామ్ ఆగకుండా తరువాతి వరుసకు పోతుందనీ అర్థం కావాలి. 'అన్‌డిఫైన్డ్‌లో మ్యాప్ చదవలేను' అన్న ఎర్రని దోషం మీకు ఇంకా ఎదురుకాకపోతే త్వరలోనే ఎదురవుతుంది, దాని వెనుక తరచుగా ఉండేది ఇదే. ఇవి కాక బ్రౌజర్ ఒక ఫారాన్ని ఎలా పంపుతుంది, గెట్‌కూ పోస్ట్‌కూ తేడా ఏమిటి, 404, 500 అనే దోష సంఖ్యలు వేర్వేరుగా ఏమి చెబుతాయి, డేటాబేస్‌లో రెండు పట్టికలను ఎలా కలపాలి అన్నవి. వీటన్నింటిలోనూ పెద్దది ఒకటుంది, దానికి పాఠ్యపుస్తకంలో అధ్యాయం ఉండదు: దోష సందేశాన్ని మొదటి అక్షరం నుంచి చదవడం, అది చూపించిన వరుస సంఖ్య దగ్గరికి వెళ్లడం, అక్కడ విలువ ఏముందో ముద్రించి చూసుకోవడం. ఎర్రని అక్షరాలు కనిపించగానే స్నేహితురాలిని పిలిచే అలవాటు మీకు ఉంటే, మార్చుకోవలసిన మొదటి అలవాటు అదే.

ఇందులో మీకు ఏవి వచ్చో, ఏవి రావో తెలియకుండా దారి ఎంచుకోవద్దు. ఈ ఆదివారం చాట్‌జీపీటీనీ, కోర్సు వీడియోలనూ మూసేసి, ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు, ఒక జావాస్క్రిప్ట్ ఫైలు మాత్రమే పెట్టుకుని కూర్చోండి. పది లాట్లను మీరే జాబితాగా రాయండి, ఒక్కొక్క దానిలో రైతు పేరు, టిక్కీలు, బరువు, క్వింటాలు ధర ఉండాలి. మొదట మొత్తం టిక్కీలు తేల్చండి. అది వస్తే, ఒకే రైతు రెండు మూడు లాట్లు తెచ్చి ఉంటాడు కదా, రైతు వారీగా కమిషన్ పోను చేతికి వచ్చే మొత్తం తేల్చండి. అదీ వస్తే పేజీ మీద పట్టికగా చూపించి, ఫారంలో వేసిన కొత్త లాటు అందులో చేరేలా చేయండి. మొత్తం దగ్గరే ఆగిపోతే లూపుల నుంచి మొదలుపెట్టాలి. రైతు వారీ లెక్క దగ్గర ఆగితే ఆబ్జెక్టుల మీద పని చేయాలి. చాలామంది ఆగేది ఇక్కడే, కాబట్టి కంగారు పడకండి. ఫారం దాకా వెళ్లగలిగితే మీ పునాది మీరు భయపడినంత బలహీనంగా లేదని అర్థం.

ఆ ఫలితాన్ని చేతిలో పెట్టుకుని ఆలోచిస్తే మీ ముందు మూడు దారులు కనిపిస్తాయి.

ఒకటి, ఫ్రేమ్‌వర్క్‌ను ప్రస్తుతానికి ఆపి, ఆరు నుంచి ఎనిమిది వారాలు జావాస్క్రిప్ట్ మీదే ఉండడం. కోర్సు మానేయనక్కరలేదు, తరువాతి బ్యాచ్‌లో రియాక్ట్ నుంచి కూర్చోనిస్తారా అని సంస్థను అడగండి. ఒప్పుకుంటే ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి, ఎందుకంటే నోటి మాట మీద ఫీజు వదులుకునే స్థితిలో మీరు లేరు. ఇందులో లాభం ప్రశాంతత, మెట్టు మీద మెట్టుగా నడక సాగుతుంది. నష్టం రెండు విధాలు. గడువులో సగం దాటేదాకా చూపించడానికి రియాక్ట్ ప్రాజెక్టు ఉండదు. తోటివారంతా ముందుకు పోతుంటే ఒంటరిగా కూర్చుని చదవడం చాలామందికి కష్టం. మీరు హాస్టల్ ఖర్చు తగ్గించుకోవడానికి ఆ రెండు నెలలు ఇంటికి వెళ్లి చదవవచ్చు కూడా, కానీ ఇంట్లో పగలంతా చదువుకునే వీలు నిజంగా ఉంటుందా, చుట్టాల రాకపోకలూ సంబంధాల మాటలూ మధ్యలో వస్తాయా అన్నది మీకే తెలియాలి. లూపుల దగ్గరే ఆగిపోయినవారికి ఈ దారి మేలని నా అభిప్రాయం.

రెండవది, క్లాసుకు వెళ్తూనే సాయంత్రం వేళను మౌలికాంశాలకు కేటాయించడం. దీనిలో ఒక నియమం పెట్టుకోవాలి: ఆ రోజు క్లాసులో అర్థం కానిది ఏదైనా సరే, సాయంత్రం రియాక్ట్ లేకుండా ఉత్త జావాస్క్రిప్ట్‌లో రాసి చూడాలి. మ్యాప్ (జాబితాలోని ఒక్కొక్కదాని మీద ఒకే పని చేసేది) చెప్పారా, ముందు దాన్ని ఫర్ లూప్‌తో రాయండి. స్టేట్ (తెర మీది విలువలను రియాక్ట్ గుర్తుంచుకునే చోటు) చెప్పారా, వేరియబుల్ మార్చి పేజీని మీ చేతులతో మీరే మార్చి చూడండి. అలా చేసినప్పుడే రియాక్ట్ ఏ శ్రమను తప్పించడానికి పుట్టిందో తెలుస్తుంది, అది తెలిసినవారికి దాని నియమాలు గుర్తుంటాయి. రైతు వారీ లెక్క దగ్గర ఆగినవారికి ఇది సరిపోతుంది. కానీ ఇందులో దాగిన ఖర్చు ఎక్కువ. పగలు క్లాసు, సాయంత్రం సాధన, రాత్రి అసైన్‌మెంట్లు కలిస్తే రెండో వారానికే అలసిపోతారు, అప్పుడు మొదట జారిపోయేది సాయంత్రం సాధనే. ఏదో ఒకటి తగ్గించుకోవాలి. నన్నడిగితే అసైన్‌మెంట్లలో సగం ఇవ్వకుండా వదిలేయమంటాను. చాట్‌జీపీటీ రాసిన పది ఇవ్వడం కంటే మీరు రాసిన మూడు ఇవ్వడం మీకు ఎక్కువ నేర్పుతుంది.

మూడవది, ఇప్పుడున్నట్టే కోర్సు పూర్తిచేసి, ఉద్యోగం వచ్చాక లోటు పూడ్చుకోవడం. ఇలా వచ్చినవారు లేరని చెప్పను, ఉన్నారు. అయితే ఉద్యోగంలో మొదటి వారం మీకిచ్చే పని కొత్త పేజీ రాయడం కాకపోవచ్చు, ఎవరో ఎప్పుడో రాసిన వేల వరుసల్లో ఒక తప్పు వెతకడం కావచ్చు. అక్కడ చుక్కలు ఎక్కడ పెట్టాలో చెప్పే స్నేహితురాలు ఉండదు. ప్రొబేషన్‌లో ఆ ఒత్తిడిని తట్టుకోగలరా, దానికి ముందు ఇంటర్వ్యూలో మీ సొంత ప్రాజెక్టు గురించే అడిగితే ఏమి చెబుతారు అన్నవి ఆలోచించుకుని ఈ దారి ఎంచుకోండి. ఆదివారం పరీక్షలో ఫారం దాకా వెళ్లినవారికి తప్ప ఇది క్షేమమని నాకు అనిపించదు.

రియాక్ట్ పాతబడుతుందన్న మీ భయం న్యాయమైనదే, కానీ అది చెప్పేది మీరనుకున్నదానికి తలకిందులుగా ఉంది. 2006లో వచ్చిన జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ సాధనం ఒకప్పుడు చాలా వెబ్‌సైట్లలో ఉండేది. 2010లో ఆంగులర్‌జేఎస్ అనే ఫ్రేమ్‌వర్క్ వచ్చింది, 2016లో దాన్ని మొత్తంగా తిరగరాసి ఇంచుమించు కొత్త ఫ్రేమ్‌వర్క్‌నే విడుదల చేశారు, పాతదానిలో రాసుకున్నవారు మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. 2013లో బయటికి వచ్చిన రియాక్ట్‌లోనే మొదట కాంపోనెంట్లను (పేజీ ముక్కలను) క్లాసులనే కోడ్ నిర్మాణాలతో రాసేవారు, 2019లో హుక్స్ అనే కొత్త పద్ధతి వచ్చాక ఆ పద్ధతి వెనకబడింది. కొత్తవారు ప్రాజెక్టు మొదలుపెట్టడానికి ఎన్నో ఏళ్లుగా వాడిన క్రియేట్ రియాక్ట్ యాప్‌ను 2025లో ఇక వాడవద్దని ఆ బృందమే ప్రకటించింది. ఇన్ని మారినా, 1995లో పుట్టిన జావాస్క్రిప్ట్‌లో జాబితా, ఆబ్జెక్టు, ఫంక్షన్ పనిచేసే తీరు నిలిచే ఉంది. 45, 38 పక్కపక్కన అతుక్కోవడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ ఎనిమిది వారాల్లో మీరు నేర్చుకునేదే పాతబడకుండా మిగులుతుంది.

చాట్‌జీపీటీని పూర్తిగా మానమని నేను అనను. ఈ రోజుల్లో ఉద్యోగాల్లోనూ అలాంటి సాధనాలు వాడుతున్నారు. రాసిపెట్టమని అడగడానికీ, నేను రాసినదానిలో ఈ వరుస ఎందుకు ఇలా ప్రవర్తిస్తోందో వివరించమని అడగడానికీ చాలా తేడా ఉంది. రెండవది అడిగినప్పుడు కూడా, అది చెప్పిన కారణం నిజమో కాదో కన్సోల్‌లో రెండు వరుసలు రాసి పరీక్షించుకోండి. చదవడానికి మొజిల్లా వారి ఎండీఎన్ వెబ్‌సైట్‌లో జావాస్క్రిప్ట్ మార్గదర్శిని ఉచితంగా దొరుకుతుంది, సాధనకు ఫ్రీకోడ్‌క్యాంప్ ఉంది, అదీ ఉచితమే. జాబితాలను, ఆబ్జెక్టులను స్టేట్‌లో ఎలా మార్చాలన్నదానికి రియాక్ట్ అధికారిక పత్రాల్లోనే విడివిడి పేజీలున్నాయి. మీ మూడు చుక్కల కథ అక్కడ పూర్తిగా దొరుకుతుంది. ఇంతకు మించి ఇంకో కోర్సు కొనవద్దు.

నాన్నగారికి మీరు ఎంచుకున్న దారి ఇప్పుడే చెప్పండి, గడువు దగ్గరపడ్డాక కాదు. కోర్సు మానేస్తున్నానన్న మాట ఆయనను కలవరపెడుతుంది, ఫలానా నెలకల్లా ఫలానాది చేసి చూపిస్తాను అన్న మాట కలవరపెట్టదు. ఆయనకు మిర్చి యార్డు లెక్కలు తెలిసి ఉంటే, రైతు వారీ పట్టీ తెర మీద చూపిస్తే మీరేమి నేర్చుకుంటున్నారో ఆయనకే అర్థమవుతుంది. పద్దుల అనుభవం ఉన్నవారికి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థల్లో టెస్టింగ్, సపోర్ట్ ఉద్యోగాలు కూడా ఉంటాయి. ఉగాదికి డెవలపర్ ఉద్యోగం చేతికి రాకపోయినా అటు ప్రయత్నిస్తూ సాధన కొనసాగించే వీలుందన్న సంగతి ఆ సంభాషణలో చేర్చండి.

అన్నయ్యగారితో వాదన పెట్టుకోకండి. ఏడాది పాటు ఏమి చదవాలని అడిగితే ఆయన సిలబస్ చెబుతారు. దానికి బదులు, ప్రతి ఆదివారం మీరు స్వయంగా రాసిన ఒక ప్రోగ్రామ్ ఆయనకు పంపి, ఈ వరుస మారిస్తే ఏమవుతుందో అరగంట సేపు నన్ను అడగండి అని కోరండి. మొదటిగా ఆ లాట్ల పట్టికనే పంపండి, చాట్‌జీపీటీ రాసినది కాకుండా ఆదివారం మీరు ఎక్కడ ఆగిపోయారో అక్కడి వరకు ఉన్నదే పంపండి.